మునిరత్నం సారు కాచిన పోర్టరు

మొన్న ఆదివారం పొయ్యి మీద బెల్లం పాకం పెట్టి ఫోనులో మాటల్లో పడ్డాను. పాకం ముదిరి, నల్లబడి, అంచుల్లో మాడింది. వంటగది నిండా ఘాటైన వాసన. కొంత తీపి, కొంత చేదు, వెనకాల ఎక్కడో ఎక్కువ వేగిన కాఫీ గింజలు. మా అమ్మాయి ముక్కు మూసుకుంటూ వచ్చి "ఛీ, ఏం వాసనమ్మా ఇది" అంది. నేను గిన్నె దించకుండా, పొయ్యి కట్టెయ్యకుండా దాని వైపు తిరిగి, "ఛీ అంటే ఏంది? దేని వాసనలాగుండాదో చెప్పు" అన్నాను. అన్నాక నా మీద నాకే చిరాకు వేసింది. ఇల్లు పొగతో నిండుతుంటే పిల్లకు పరీక్ష పెట్టే ఈ జబ్బు నాది కాదు, మునిరత్నం సారుది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. జబ్బు మాత్రం నాకు అంటించి పోయారు.

వడమాలపేట దాటి పుత్తూరు వైపు వెళ్ళే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఎమ్మెస్సీ కాగానే నేను చేరింది అక్కడే. క్వాలిటీ విభాగానికి పెద్ద మునిరత్నం సారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టీలు చెంచా. లోపల కొలిచే మిషన్లు వరసగా ఉన్నా, తోతాపురి కాయల కాలం వచ్చిందంటే ఫ్యాక్టరీ మొత్తం ఆయన ముక్కు మీద నడిచేది. కాయ లోడు వచ్చినా, గుజ్జు ట్యాంకు నిండినా ఆయన వంగి వాసన చూడాలి, తల ఊపాలి, అప్పుడే ముందుకు పోవాలి. చేరిన మొదటి వారం నాకొక కప్పు గుజ్జు ఇచ్చి వాసన రాయమన్నారు. నేను రాసిచ్చాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు.

"ఏం రాసినావు పాపా?"

"వాసన బాగుండాదని రాసినాను సార్."

"బాగుండాది అనేది వాసన కాదు, అది నీ అభిప్రాయం. నీ అభిప్రాయం ఎవురడిగినారు?"

ఇరవై ఆరేళ్ళదాన్ని, చదువుకున్నదాన్ని, పాపా అని పిలిపించుకోవడమే ఒక మంట. ఆపైన ఇది. మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశారు. 'పండు వాసన' అంటే ఏ పండు అన్నారు. 'మామిడి' అంటే కాయా, దోరదా, మగ్గిందా, తొడిమ దగ్గరిదా, టెంక దగ్గరిదా అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. మా అమ్మ ఆయన్ని చూడకుండానే తిట్టేది. రెండు సీజన్లు గడిచేసరికి నాకు తెలియకుండానే బస్సులో పక్కన కూర్చున్న మనిషి సంచిలో ఏముందో చెప్పగలిగే స్థితికి వచ్చాను. అది వరమో శాపమో, తిరుపతి బస్సుల్లో ఎండాకాలం ప్రయాణం చేసినవాళ్ళే చెప్పాలి.

తర్వాత కరోనా వచ్చింది. ఆ సీజను చివర్లో సారుకు జ్వరం తగిలింది. కొన్ని వారాలు మంచంలో ఉండి, ఇంకా సన్నబడి తిరిగొచ్చారు. మనిషి తగ్గాడు గానీ సతాయింపు పెరిగింది. ఇంతకు ముందు ఆయన వాసన చూశాక నన్ను అడిగేవారు. ఇప్పుడు ముందు నన్నే చెప్పమంటున్నారు. నేను చెప్పింది విని "ఊఁ" అంటారు. అంతే. తప్పా ఒప్పా చెప్పరు. పరీక్ష రాసి ఫలితం రాకుండా తిరుగుతున్నట్టుండేది నాకు.

సీజను ముగిసి చలి మొదలయ్యాక ఒక శనివారం, "రేపు ఇంటికి రా పాపా, పనుండాది" అన్నారు. ఆదివారం కూడా వదలరా అని గొణుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళ ఇల్లు తిరుచానూరులో, అమ్మవారి గుడికి నాలుగు వీధుల అవతల. గేటు తీసేసరికి ఆయన భార్య సరోజమ్మగారు వసారాలోనే ఎదురొచ్చారు. నుదుటిన పెద్ద బొట్టు, ముఖంలో నిప్పులు.

"వచ్చినావా తల్లీ! సూడు, మీ సారు ఏం చేస్తా ఉండాడో సూడు. అమ్మోరి గుడి పక్కన కాపరం ఉంటా ఇంట్లో సారాయి కాస్తా ఉండాడు!"

"సారాయి కాదుమే, పోర్టరు" అని లోపలి నుంచి సారు గొంతు వినిపించింది.

"పోర్టరంటే రేణిగుంట స్టేషన్లో మూటలు మోసేవాడు. మాకు తెలీదా?"

"ఆ మూటలు మోసేవాళ్ళు తాగే బీరే ఇది. లండన్లో. అందుకే ఆ పేరు."

ఆయన జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఏటా మా గుజ్జు కొనడానికి వచ్చే ఒక లండన్ ఆయన, పోయిన సారి వచ్చినప్పుడు సరదాకి ఈ కిట్టు బహుమానంగా ఇచ్చి వెళ్ళాడట. అట్టపెట్టెలో రెండు పెద్ద డబ్బాలు. మొలకెత్తించి, నల్లగా వేయించిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకం. ఆ పాకాన్ని పులియబెట్టే ఈస్టు పొట్లం ఒకటి. మూతలో దూర్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం. అందులో నీళ్ళు పోస్తే లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఒక డబ్బా ఇప్పుడు, ఒకటి తర్వాత అని ఆయన నిర్ణయించారు. ఈస్టు పొట్లం కూడా సగం వాడి, మిగతా సగం మడిచి, బట్టల క్లిప్పు పెట్టి ఫ్రిజ్జులో పెరుగ్గిన్నె పక్కన దాచారు. అది చూసి సరోజమ్మగారు పెరుగ్గిన్నెను పక్కింటి ఫ్రిజ్జులోకి మార్చేశారు.

ఆ ఆదివారమంతా నా చేత బకెట్లు కడిగించారు. కడిగిందే కడిగించారు. వేడినీళ్ళలో డబ్బా పెట్టి, పాకం కరిగాక మూత తీసి నా ముక్కు కింద పెట్టారు.

"చెప్పు."

"మాడిన బెల్లం సార్. రాగిసంగటి అడుగంటినట్టు. ఇంకా... కాఫీపొడి, పాలు పొయ్యకముందు."

"ఇంకా?"

"చేదుగా, ఆకుపసరులాగ ఒకటుండాది. అది నాకు తెలీదు."

"తెలీదంటే కుదరదు. దేనికి దగ్గరో చెప్పు."

వేపపూతకూ బంతి ఆకు నలిపినదానికీ మధ్యలో అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆ డబ్బా మీదికి వంగి ఉండిపోయారు. ఆనందిస్తున్నారనుకున్నాను. సెలవు రోజు నాశనమైన నాకు ఒళ్ళు మండుతోంది. ఇంట్లో ఇలా కాయడం ఎక్సైజు వాళ్ళకు తెలిస్తే ఇద్దరినీ తీసుకుపోతారని కూడా ఒకవైపు భయం. పాకంలో నీళ్ళు కలిపి, చల్లార్చి, ఈస్టు చల్లి మూత పెట్టాం. చల్లటి చోటు కావాలని ఆయన ఇల్లంతా గోడలు తడిమి చూసి, బకెట్టు తీసుకెళ్ళి పూజగది గోడకు ఆనించారు. సరోజమ్మగారు అరిచిన అరుపుకు వీధిలో పూలమ్మే ఆమె బండి ఆపింది. చివరికి బకెట్టు స్నానాలగదికి చేరింది. చుట్టూ తడి గోతాలు కప్పారు. కొన్నాళ్ళు వాళ్ళిద్దరూ పెరట్లో స్నానం చేశారు.

కిట్టుతో వచ్చిన కాగితంలో మూత తియ్యకూడదని పెద్ద అక్షరాల్లో ఉంది. నేను చదివి వినిపించాను. ఆయన విన్నారు. ప్రతి ఆదివారం నన్ను పిలిపించి, మూత తీసి, "చెప్పు" అన్నారు. తియ్యకూడదు సార్ అంటే, "తియ్యకుంటే ఎట్ల తెలుస్తాది" అన్నారు. ఈ మనిషితో వాదించడం కన్నా ఘాటు రోడ్డులో బస్సును వెనక్కి తొయ్యడం సులభం.

అలా నాలుగో ఆదివారం నేను వెళ్ళేసరికి గేటు దగ్గరే తెలిసిపోయింది. ఇల్లంతా పుల్లటి కుళ్ళు. వినిగరు సీసా పగిలినట్టు, ఆ వెనక తడిబట్ట ముక్కిన కంపు. సరోజమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడలేక చేత్తో స్నానాలగది చూపించారు. సారు అక్కడ చిన్న పీట మీద కూర్చుని, మూత తీసిన బకెట్టు మీదికి పూర్తిగా వంగి ఉన్నారు. ముక్కుకూ నురగకూ మధ్య నాలుగువేళ్ళ సందు లేదు. నేను గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాను. ఆయన ముఖం మాత్రం ప్రశాంతంగా, బడిపిల్లవాడి ముఖంలా శ్రద్ధగా ఉంది.

తలెత్తి నన్ను చూసి, "రా పాపా. ఏం వాసనొస్తా ఉండాది?" అన్నారు.

జ్వరం తగ్గి తిరిగొచ్చినప్పటి నుంచీ ఆయన అన్న "ఊఁ"లన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి.

"సార్, మీకు వాసన తెలీడం లేదా?"

ఆయన మూత తీసుకుని మెల్లగా బకెట్టు మీద పెట్టారు. సరోజమ్మగారు నా వెనకాలే నిలబడి ఉన్నారు. ఆమెకూ ఇది కొత్త అని ఆమె ముఖం చూడగానే నాకు అర్థమైంది.

"అందుకేనా," అన్నారామె, "మొన్న పులిసిపోయిన పప్పు తిని బాగుండాది అన్న్యావు? నన్ను తిట్టకుండా తిన్న్యావని నేను ఎంత సంతోషపడినానో తెల్సా?"

ఆయన లేచి వెళ్ళి వసారాలో కూర్చున్నారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. వాసన పోయినవాళ్ళు రోజూ లవంగం, నిమ్మతొక్క లాంటివి ముక్కు దగ్గర పెట్టుకుంటే కొందరికి తిరిగొస్తుందని నేనూ విన్నాను. ఆ మాటే అన్నాను. దానికి ఈ బకెట్లూ గోతాలూ ఎందుకు, ఇంటావిడ ప్రాణం తియ్యడం ఎందుకు, నా ఆదివారాలు తినడం ఎందుకు అని కూడా అన్నాను. కోపం దాచుకోలేదు.

"లవంగం వాసన నాకు ముందే తెల్సు పాపా," అన్నారు. "ముక్కు కాడ పెట్టుకుంటే ఏదో తెలిసినట్టే ఉంటాది. అది నిజంగా వచ్చిందా, నాకు గుర్తొచ్చిందా? నన్ను నేనే మోసం చేసుకుంటా ఉన్నట్టుంటాది. ఇది నేను పుట్టినాక ఎప్పుడూ చూడని వాసన. ఇది తెలిసిందంటే నిజంగా తెలిసినట్టు."

పిచ్చి పనికి ఇంత సరైన కారణం ఉండటం కూడా చిరాకే. కానీ అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. సీజను దగ్గర పడుతోంది. ఆయన ముక్కును నమ్మి సరుకు బయటికి పోతుంది. పిల్లలు తాగే రసాల్లో కలిసే సరుకది. ఓనరుకు చెప్పండి సార్ అన్నాను. చెప్పనన్నారు. మిషన్లున్నాయి, నువ్వున్నావు, నువ్వు చూసి నాకు చెప్తే నేను తల ఊపుతాను అన్నారు.

"అంటే ముక్కు నాది, మాట మీదా?"

"దాంట్లో తప్పేముండాది?"

"నేను పొరబడితే?"

"పొరబడకుండా నేర్పినాను గదా."

బ్యాగు తీసుకుని వచ్చేశాను. ఆ పైన ఫ్యాక్టరీలో మేం పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఆయన రెండో డబ్బా కాస్తున్నారని సరోజమ్మగారు ఫోనులో చెప్పారు. ఈసారి గోతాలు తడుపుతున్నది ఆమే. "నేను కాకుంటే ఎవురు సూస్తారు? మూత మీద చెయ్యి పడనిస్తే ఒట్టు" అన్నారు. ఆమె కాపలా వల్ల మూత తెరుచుకోలేదు. చక్కెర వేసి పాత కూల్‌డ్రింకు సీసాల్లోకి నింపి మంచం కింద పేర్చారట.

సీజను వచ్చింది. మొదటి వారంలోనే ఒక సాయంత్రం కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, ఒక ట్యాంకు గుజ్జు వేడి చెయ్యకుండా గంటల తరబడి నిలిచిపోయింది. బయట లోడు లారీలు రోడ్డు దాకా బారులు తీరాయి. కరెంటు వచ్చాక మిషన్లలో చూస్తే తీపీ పులుపూ అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. కప్పులో పోసి వాసన చూశాను. మామిడి వాసన కింద, చాలా సన్నగా, సారు స్నానాలగదిలో రెండో ఆదివారం మూత తీసినప్పటి వాసన. ఈస్టు మేలుకుని పని మొదలుపెట్టిన వాసన. ఆ బకెట్టు లేకుంటే నాకది తెలిసేది కాదు. ట్యాంకు పక్కన పెట్టాలి, పులియడం మొదలైందన్నాను.

మా ఓనరు నరసింహులుగారు అక్కడే ఉన్నారు. లారీలు చూసి ముందే ఉడికిపోతున్న మనిషి.

"మిషన్లో బాగుండాదంట గదా. ఈ పాప మాట పట్టుకుని ట్యాంకు పారబోసేదా? మునిరత్నం, నువ్వు సూడప్పా."

కప్పు సారు చేతికి వెళ్ళింది. కూలీలు, డ్రైవర్లు, లైను మీద ఆడవాళ్ళు అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఎప్పటిలాగే వంగారు. నేను చెప్పింది ఆయన విన్నారు. తల అడ్డంగా ఊపితే చాలు, పని అయిపోతుంది. ఆయన పేరు నిలబడుతుంది, నా మాటా నెగ్గుతుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనూ అదే కోరుకున్నాను.

ఆయన కప్పు బల్ల మీద పెట్టారు.

"నాకు వాసన తెలీదన్నా."

"తెలీదంటే?"

"ముక్కు పోయింది. పోయినేడు జ్వరంలో. ఈ పాపకు తెలుస్తాది. ఈ పాప చెప్పిందే చెల్లుతాది."

నరసింహులుగారు నోటికొచ్చినట్టు తిట్టారు. ఏడాదిగా ఎవరి ముక్కును నమ్మి వ్యాపారం చేశానని అరిచారు. సారు చేతులు కట్టుకుని విన్నారు. ట్యాంకు పక్కన పెట్టారు. తెల్లారేసరికి అది నురగలు కక్కింది. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. సారును స్టోరులో డ్రమ్ములూ మూతలూ చూసుకోమన్నారు. ముక్కులేని మునిరత్నం అని క్యాంటీన్లో పేరు పెట్టారు. ఆయనకు వినబడేలాగే పిలిచేవాళ్ళు.

మర్నాడు గేటు బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగాను. ముందే నెమ్మదిగా చెప్పమంటే చెప్పలేదు. చెప్పక్కర్లేని చోట, అంతమందిలో చెప్పారు. ఇదేం పద్ధతి సార్ అన్నాను.

ఆయన టీ చల్లారబెట్టుకుంటూ, "నేను గూడా బాగలేదని చెప్పుంటే, అది నా మాట అయ్యేది పాపా," అన్నారు. "రేపు నేను లేనప్పుడు నీ మాట ఎవడింటాడు?"

నేను ముఖం తిప్పుకున్నాను. ఆయన వెంటనే, "ఈ టీలో ఏలక్కాయ వేసినాడా, అల్లమా? చెప్పు" అన్నారు. ఏడుపూ కోపమూ ఒకేసారి తెప్పించడం ఆయనకు మాత్రమే చేతనైన విద్య.

కాయల కాలం ముగిశాక వాళ్ళింటికి వెళ్ళాను. మంచం కింద నుంచి ఒక సీసా తీసి, మూత మెల్లగా తిప్పి, స్టీలు గ్లాసులో పోశారు. నల్లగా ఉంది, వెలుతురుకు పట్టి చూస్తే అడుగున ఎర్ర జీర. పైన తేనెరంగు నురగ. మమ్మల్ని ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. సరోజమ్మగారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన కళ్ళు మూసుకుని వంగారు. ఎంతసేపటికో తలెత్తారు.

"తడిసిన గోతాం."

నేను గ్లాసు తీసుకుని చూశాను. వేయించిన కాఫీ గింజలు, మాడిన బెల్లం, చివర్లో ఆ పసరు చేదు. గోతాం లేదు. ఏదో ఒకటి అనేశారనుకుని నా మనసు జారిపోయింది. గ్లాసు ఆయన ముందు పెట్టేశాను. సరోజమ్మగారు మాత్రం ఆయన కుర్చీ వెనకాల మూలకు చూస్తున్నారు. మిగతా సీసాలకు కప్పడానికి పొద్దున తడిపిన గోతాలు అక్కడ బేసినులో ఉన్నాయి.

"గోతాం ఈడుండాది," అన్నారామె నెమ్మదిగా. "నీ ఎనకాల."

ఆయన తిరిగి చూశారు. సంతోషపడతారనుకున్నాను. ముఖం ముడుచుకున్నారు. "ఇంత కష్టపడి పోర్టరు కాస్తే నాకు తెలిసింది గోతామా? ఇది లెక్కలోకి రాదు. గోతాం వాసన నాకు ముందే తెల్సు."

"అది ఆడ ఉండాదని నువ్వు సూసినావా?"

"లేదు."

"సూడకుండా చెప్పినావు గదా. అయితే లెక్కే. గమ్మునుండు." ఆ మాట అంటూనే ఆమె గుమ్మానికి ఆనుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. ఆయన గాభరాపడి లేచారు. గ్లాసు బోర్లాపడింది. నేల తుడిచింది నేనే.

ఆ తర్వాత ఆయనకు వాసనలు ఒకటీ అరా తిరిగొచ్చాయి. కిరోసిను, వాన పడిన మట్టి, తల వెంట్రుక కాలితే వచ్చేది. మామిడి రాలేదు. పోర్టరూ రాలేదు. మిగిలిన సీసాలు కొబ్బరిచెట్టు పాదులో పోశారు. ఒక గుక్క నేనూ తాగాను. ఎలా ఉందో చెప్పను, అది అభిప్రాయం. చివరిదాకా ఆయన స్టోరులోనే ఉన్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, నా పని చెడగొట్టడం మాత్రం మానలేదు. ఒకరోజు నిద్రలోనే పోయారు. ఆ వారమంతా నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. పని ప్రశాంతంగా సాగింది. ఆ ప్రశాంతతను భరించలేకపోయాను.

ఇప్పుడు క్వాలిటీ విభాగంలో ఆయన కుర్చీ నాది. ఓనరు కొడుకు వ్యాపారం చూస్తున్నాడు. ఈ సీజన్లో ఒకరోజు నాకు జలుబు చేసింది. పెద్ద జలుబేమీ కాదు. మాత్ర వేసుకుని వచ్చాను. కప్పు తెచ్చిచ్చారు. వంగాను. మామిడి ఉంది, కానీ దాని కింద ఏముందో తెలియలేదు. చుట్టూ మనుషులు, బయట లారీలు, తల ఊపితే చాలు. ఎవరికీ తెలియదు కూడా. కప్పు కింద పెట్టి, "ఈ రోజు నాకు వాసన తెలీడం లేదు, నా మాట చెల్లదు, ఇంకొకరిని పిలవండి" అన్నాను. ఓనరు కొడుకు నా వైపు అదోలా చూశాడు. లైను మీద ఎవరో నవ్వారు. ఇంత చిన్న జలుబుకే నాకు చెవులు వేడెక్కాయి. ఆయన తన పేరు మొత్తాన్నీ పణంగా పెట్టి చెప్పారు ఆ మాట. సులభంగా బతకడానికి పనికొచ్చేది ఒక్కటైనా నేర్పి ఉండకూడదా ఆయన? ఏటా సీజను మొదలయ్యేటప్పుడు ఆయన మీద నాకు కోపం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త నిటారుగా నిలబడతాను.